శుక్రవారం సంతకాలు

ఆయన పోయిన కబురు కాలేజీ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. నేను అప్పుడే రెండో పీరియడ్ ముగించుకుని స్టాఫ్‌రూములోకి వచ్చి కూర్చున్నాను. పొద్దున్నే గుండె పట్టుకుని కూలబడ్డారని, ఆస్పత్రికి చేర్చేలోపే పోయారని, సాయంత్రం అసర్ నమాజు అయ్యాక ఖననమని ఎవరో పెట్టారు. దాని కింద దండాల గుర్తులు వరసగా పడుతున్నాయి. అవి చూస్తుంటే నాకు మొదట వచ్చింది దుఃఖం కాదు. నేను పోతే ఇన్ని దండాలు పడతాయా అనిపించింది. సిగ్గేసి ఫోను బల్ల మీద బోర్లించాను. కానీ ఆ ఆలోచన వచ్చిన మాట నిజం. ఆయన విషయంలో ఇరవై ఏళ్ళుగా నాకు మొదట వచ్చే ఆలోచన ఎప్పుడూ అలాంటిదే.

మేమిద్దరం కంకిపాడు దగ్గర ఒక ఇంజనీరింగు కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెప్పేవాళ్ళం. నేను ఆయనకంటే నాలుగేళ్ళు సీనియర్‌ని. పీహెచ్‌డీ కూడా ముందు నాదే అయింది. ఆయన పేరు ఇక్కడ రాయను. అది ఉండాల్సిన చోట పేటెంటు కాగితం మీద అచ్చులో ఉంది. నాలాంటివాడు మళ్ళీ రాయనక్కర్లేదు.

మనిషి పొట్టి. ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల చొక్కాయే. జేబులో పెన్ను ఉండేది కాదు, రెండు పెన్సిళ్ళు ఉండేవి. వాటిని బ్లేడుతో చెక్కి, ఆ పొట్టు పాత పేపర్లో పొట్లం కట్టి చెత్తబుట్టలో వేసేవారు. అందరినీ “గురువుగారూ” అని పిలిచేవారు. ప్రిన్సిపాల్ గురువుగారు, బస్సు డ్రైవర్ గురువుగారు, క్యాంటీన్‌లో టీ పోసే అప్పన్న గురువుగారు, ఫెయిలైన కుర్రాడు కూడా గురువుగారే. ఆ పిలుపులో వెటకారం ఉండేది కాదు. అందుకే నాకు ఒళ్ళు మండేది. వెటకారమైతే నేనూ ఏదో ఒకటి అనేవాణ్ణి.

ఇంకో అలవాటు ఉండేది ఆయనకు. ఏ యంత్రం కనపడినా చెయ్యి తిప్పి, వేళ్ళ వెనకవైపు దానికి ఆనించి చూసేవారు. ఫ్యాను రెగ్యులేటరు, ప్రొజెక్టరు, పిల్లల ఫోన్లు, ఆఖరికి బస్సులో పక్కవాడి ల్యాప్‌టాప్ కూడా. పిల్లవాడికి జ్వరం వచ్చిందేమో చూసే తల్లిలాగే ఉండేది ఆ చెయ్యి.

“ఏం చూస్తారండీ అలా?” అని ఒకసారి అడిగాను.

“వేడి అంటే వృథా గురువుగారూ. పనికి పోవాల్సింది గాల్లోకి పోతోందన్నమాట. ఎక్కడ పోతోందో తెలిస్తే చాలు, ఎలా ఆపాలో ఎవడో ఒకడు చెప్తాడు.”

ఎలా ఆపాలో చెప్పేది తానేనని ఆయనకు అప్పటికే తెలుసో లేదో నాకు తెలియదు. నాకు మాత్రం తెలిసింది. తెలిసిన రోజునుంచే మొదలైంది నా బాధ.

ఇద్దరం బెజవాడలోనే ఉండేవాళ్ళం. ఆయనది తారాపేట, నాది పటమట. బెంజి సర్కిల్ దగ్గర కాలేజీ బస్సెక్కేసరికి ఆయన ముందే ఎక్కి, నాకోసం కిటికీ పక్క సీటు ఆపి ఉంచేవారు. కానూరు, పెనమలూరు దాటి కంకిపాడు వచ్చేదాకా ఆయన మాట్లాడుతూనే ఉండేవారు. నేను పొలాలు చూస్తూ ఊకొట్టేవాణ్ణి. ఆ కబుర్లలో సగం ఆయన ఆదివారం ఎక్కడ గడిపారన్నదే. గవర్నరుపేటలో సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్లు వరసగా ఉంటాయి కదా, ఆదివారం పొద్దున అక్కడ ఒక ముక్కాలి పీట మీద కూర్చునేవారట. చచ్చిపోయిన ఫోన్లు కొనుక్కునేవారు. మేస్త్రీలు ఆయన్ని డాక్టరుగారని పిలిచేవారు. నేనూ డాక్టరేటు ఉన్నవాణ్ణే. నన్ను ఏ మేస్త్రీ అలా పిలవలేదు.

ఆయన కనిపెట్టిందేమిటో చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. ఫోన్లో ప్రాసెసర్ అనేది ఒకే ముక్క కాదు, అందులో చాలా భాగాలుంటాయి. పని లేని భాగాన్ని నిద్రపుచ్చితే చార్జింగు మిగులుతుంది. కానీ పని వచ్చాక లేపితే ఆలస్యమవుతుంది. అందుకని పని వస్తుందని ఊహించి ముందే లేపుతారు. ఆ ఊహ తప్పిందా, లేపిన ఖర్చు దండగ, ఫోను వేడెక్కడం ఖాయం. ఏ భాగం విషయంలో ఊహ ఎన్నిసార్లు తప్పిందో గుర్తుపెట్టుకునే చిన్న పట్టిక ఒకటి ప్రాసెసర్ లోపలే ఉండాలన్నది ఆయన ఆలోచన. రెండుసార్లు ఊరికే లేపిన భాగాన్ని మూడోసారి లేపరు. నిజంగా పని వచ్చేదాకా ఆగుతారు. ఇంతే. చెప్తే ఇంతేనా అనిపిస్తుంది. మా స్టాఫ్‌రూములో అందరికీ అలాగే అనిపించింది. కాస్త మెచ్చుకుని టీ తాగి వెళ్ళిపోయారు. నాకు మాత్రం ఆ రాత్రి అన్నం సహించలేదు. ఇంత తేలికైనది నాకెందుకు తట్టలేదన్నదే నా ఏడుపు.

కాలేజీలో పేటెంటు సెల్ అని ఒకటి పెట్టారు. కొత్తది ఏదైనా కనిపెట్టేవాళ్ళు రోజూ చేసిన పని ఒక నోటుపుస్తకంలో రాయాలి. ప్రతి పేజీ కింద, ఆ పనితో సంబంధం లేని ఒకరు ‘చదివాను, అర్థం చేసుకున్నాను’ అన్న అచ్చు వాక్యం పక్కన తేదీ వేసి సంతకం పెట్టాలి. ఆ సాక్షిగా ఆయన నన్ను ఎంచుకున్నారు.

“మీకైతేనే అర్థమవుతుంది గురువుగారూ,” అన్నారు.

శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు కంకిపాడు వెళ్ళేముందు ఆ పుస్తకం నా బల్ల మీద పెట్టి వెళ్ళేవారు. తిరిగొచ్చేసరికి గంట, గంటంపావు పట్టేది. నేను ఐదు నిమిషాల్లో వారం పేజీలన్నిటి కిందా సంతకాలు గీకేసి, టిఫిన్ బాక్సు తెరిచేవాణ్ణి. పేజీ పైభాగం అరచేత్తో మూసి సంతకం పెట్టిన రోజులు కూడా ఉన్నాయి. చదివితే బాగుంటుందేమోనని భయం. చదవకపోతే, ఏముందిలే అందులో అని అనుకోవచ్చు. మూడేళ్ళు అలాగే చేశాను. ఆయన వచ్చి పుస్తకం తీసుకుంటూ, నా మొహంలోకి ఒకసారి చూసేవారు. నేను ఏదో అంటానని ఎదురుచూస్తున్నట్టుండేది. “బాగుందండీ,” అనేవాణ్ణి.

పేటెంటు వచ్చింది. కాలేజీ పేరు మీద, కనిపెట్టినవాడిగా ఆయన పేరుతో. గేటు దగ్గర ఆయన ఫొటోతో ఫ్లెక్సీ కట్టారు. వర్షాలకు చిరిగేదాకా ఆ దారిన తల తిప్పుకునే వెళ్ళాను.

తర్వాత నాలుగైదేళ్ళు దాని ఊసు లేదు. ఒకరోజు ల్యాబ్‌లోంచి కబురు పంపితే వెళ్ళాను. అప్పుడే మార్కెట్లోకి వచ్చిన ఒక ఖరీదైన ఫోను విప్పి బల్ల మీద పెట్టి, దానికి సన్నటి వైర్లు తగిలించి కూర్చున్నారు. తెర మీద గీత కదులుతోంది.

“చూడండి గురువుగారూ. ఇదిగో లేపింది. దండగ. మళ్ళీ లేపింది. దండగ. ఇప్పుడు చూడండి.”

గీత తిన్నగా పోయింది. మూడోసారి లేపలేదు.

“వందసార్లు చూశాను. రెండు తర్వాత ఆగుతోంది. వాళ్ళ ప్రాసెసర్లో నా పట్టిక ఉంది,” అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు. తప్పిపోయిన పిల్లను ఎవరింట్లోనో చూసినవాడిలా ఉన్నారు.

ఆ ప్రాసెసర్ చేసింది చాలా పెద్ద కంపెనీ. దాని చిప్పు మా స్టాఫ్‌రూములోనే సగం ఫోన్లలో ఉంది. అంత పెద్ద కంపెనీ కంకిపాడు దగ్గర కూర్చున్న మనిషి ఆలోచనను చెప్పకుండా తీసుకుంది. నాకు ఆయన మీద జాలి కలగాల్సింది. కలగలేదు. నా దగ్గర దొంగిలించడానికి ఎవరికీ ఏమీ కనపడలేదే అని కుమిలిపోయాను.

కాలేజీ యాజమాన్యం ముందు ఉత్తరాలు రాసింది. కంపెనీ అది మా సొంత పరిజ్ఞానమే అంది. చివరకు ఢిల్లీలో దావా పడింది. ఆయన నెలకోసారి రైలెక్కేవారు. వచ్చాక బస్సులో నాకు అన్నీ చెప్పేవారు. జడ్జిగారికి ప్రాసెసర్ నిద్ర గురించి ఎలా చెప్పారో, అవతలి లాయరు ఎన్ని పుస్తకాలు తెచ్చి ఇది అందరికీ తెలిసిందేనని వాదించాడో. పేపర్లో చిన్న వార్త పడింది. పెద్ద కంపెనీ మీద డెల్టా మేష్టారు అని. దాన్ని మా ఆవిడ చదివి, “మీ ఫ్రెండే కదండీ” అంది. ఆ రోజు కూరలో ఉప్పు ఎక్కువైందని ఆవిడ మీద అరిచాను.

అలాంటి రోజుల్లో ఆ కంపెనీ తరఫు లాయరు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. మర్యాదస్తుడు. తెలుగువాడే, హైదరాబాదులో ఉంటాడు. బందరు రోడ్డులో ఒక హోటల్లో కాఫీ చెప్పించి, నోటుపుస్తకం మొత్తానికి సాక్షి మీరే కదండీ అన్నాడు. ఔనన్నాను.

“ఈ ఆలోచన విషయంలో మీరు ఆయనకు ఏదైనా చెప్పిన గుర్తుందా సార్? మామూలు కబుర్లలో అయినా సరే.”

నాకు గుర్తుంది. నిజంగానే ఉంది. ఒక ఎండాకాలం మా కాలేజీలో కరెంటు పోతూ వస్తూ ఉండేది. పోయిన వెంటనే జనరేటరు వేస్తారు, అది అందుకునేలోపే కరెంటు వస్తుంది, డీజిలు దండగ. క్యాంటీన్‌లో ఆయన పక్కనే కూర్చుని నేను అన్నాను, “రెండుసార్లు ఇలా మోసపోయినవాడు మూడోసారి కాసేపు ఆగి చూస్తాడు. ఆ మాత్రం తెలివి ఉండొద్దూ ఆపరేటరుకి?” అని. ఆయన గ్లాసు కింద పెట్టి పెద్దగా నవ్వారు. “భలే అన్నారు గురువుగారూ,” అన్నారు. పేటెంటు వచ్చాక నాకు ఆ నవ్వు మాటిమాటికీ గుర్తొచ్చేది. రెండుసార్లు, మూడోసారి. ఆ మాట నాది. నా మాట పట్టుకుపోయి పట్టిక చేసుకున్నాడు మనిషి. మొదట అనుమానంగా అనుకున్నాను. తర్వాత అనుమానం లేకుండా అనుకున్నాను. ఏళ్ళ తరబడి లోలోపల అనుకుంటూ ఉంటే ఎంత అబద్ధమైనా సొంత జ్ఞాపకంలాగే ఉంటుంది.

లాయరుకు చెప్పాను. అతను రాసుకుంటూ, “అంటే అసలు ఆలోచన మీది,” అన్నాడు. నేను కాదనలేదు.

“కనిపెట్టినవాళ్ళలో ఒకరి పేరు వదిలేసి పేటెంటు తీసుకుంటే అది చెల్లకుండా పోవచ్చు సార్. ఆ మాట మీరు కోర్టులో చెప్పాల్సి ఉంటుంది.”

“అప్పుడు నా పేరు చేరుస్తారా?”

“చేర్చడం కాదండీ. పేటెంటే కొట్టేస్తారు.”

ఆయనది పోతుంది, నాకేమీ రాదు. అతను అంత విడమరచి చెప్పాడు. ఇంటికొచ్చి వారం ఆలోచించానని చెప్పుకోవాలని ఉంది గాని, ఆలోచించలేదు. ఆ కాఫీ చల్లారకముందే ఒప్పుకున్నాను. వారంలో ప్రమాణపత్రం మీద సంతకం పెట్టాను.

సాక్షులం ఎక్కువమంది ఇక్కడివాళ్ళమే కాబట్టి, సాక్ష్యం రాసుకోవడానికి కోర్టు ఒక కమిషనర్‌ను బెజవాడ పంపింది. రిటైరైన జడ్జి ఆయన. ఒక హోటల్లో మీటింగు హాలు తీసుకున్నారు. పొడుగు బల్లకు అటు కాలేజీ లాయరు, పక్కనే మా మిత్రుడు. ఇటు కంపెనీ లాయరు, నేను. నా ప్రమాణపత్రం వాళ్ళకు చేరి అప్పటికే వారమైంది. ఆ వారం రోజులూ ఆయన బస్సులో నా పక్కనే కూర్చున్నారు, ఏమీ అడగలేదు. కిటికీ సీటు కూడా ఆపి ఉంచారు.

కాలేజీ లాయరు ఒక నడివయసు ఆవిడ. నెమ్మదిగా మాట్లాడింది.

“జనరేటరు గురించి మీరు ఆ మాట అన్నది ఏ సంవత్సరం ఎండాకాలంలో అండీ?”

చెప్పాను.

“కచ్చితంగా గుర్తుందా?”

“గుర్తుందండీ. జనరేటరు కొన్నది ఆ ఏడాదే.”

ఆవిడ నోటుపుస్తకం తెరిచి నా ముందు పెట్టింది. “ఈ పేజీ చూడండి. ఇదేమిటో చెప్పగలరా?”

పెన్సిలుతో ఒక వీధి బొమ్మ. అటూ ఇటూ ఇళ్ళు. మధ్యలో ఒక మనిషి చేతిలో కర్ర. కింద ఆయన చేతిరాతలో తెలుగులో ఉంది. రంజాన్ నెలలో తెల్లవారకముందే సహరీ భోజనానికి అందరినీ లేపుతూ వీధుల్లో ఒకాయన తిరుగుతాడు. రెండు రోజులు తలుపు తట్టినా లేవని ఇల్లు ఆయన గుర్తుపెట్టుకుంటాడు. మూడోనాడు తట్టడు. వాళ్ళే దీపం వేస్తే తప్ప ఆ గుమ్మం ముందు ఆగడు. దాని కింద అదే సంగతి ప్రాసెసర్ భాషలో, గళ్ళు గీసి, పట్టికతో సహా.

“పేజీ మీద తేదీ చదవండి.”

చదివాను. నేను చెప్పిన ఎండాకాలానికి పది నెలల ముందుది.

“కింద సంతకం ఎవరిది?”

“నాదే.”

“సంతకం పక్కన అచ్చులో ఏముంది?”

చదివాను. కమిషనర్ కాస్త గట్టిగా చెప్పమన్నారు. “చదివాను, అర్థం చేసుకున్నాను,” అని మళ్ళీ చెప్పాను.

“మీరు సంతకం పెట్టిన పది నెలలకు ఈ ఆలోచన మీకు వచ్చిందన్నమాట,” అంది ఆవిడ. అని, ఇంకేమీ అడగనక్కర్లేదని కూర్చుంది.

నేను బల్ల అవతలకు చూశాను. ఆయన మొహంలో గెలిచిన ఆనందం ఉంటుందనుకున్నాను. కోపమైనా ఉంటుందనుకున్నాను. అవేమీ లేవు. నావైపు చూస్తున్నారు, అర్థం కానట్టు.

టీ కోసం లేచినప్పుడు హాలు బయట మెట్ల దగ్గర నా దగ్గరికి వచ్చారు.

“చదవలేదా మీరు?” అన్నారు.

నేను మెట్లు దిగబోయాను.

“ఈ పేజీ ఒక్కటేనా? ఏ పేజీ చదవలేదా?”

“లేదండీ,” అన్నాను.

ఆయన రెయిలింగు పట్టుకున్నారు. “నమాజులో నిలబడి కూడా మీరు ఏ పేజీలో ఉన్నారో అనుకునేవాణ్ణి. మూడేళ్ళు. తప్పు అది, అల్లా ముందు నిలబడి అలా అనుకోకూడదు. అయినా అనుకునేవాణ్ణి. చదివేవాడు ఒకడున్నాడు కదా అని జాగ్రత్తగా రాశాను.” ఆ మాటలు నన్ను తిడుతున్నట్టు లేవు. తనలో తాను లెక్క సరిచూసుకుంటున్నట్టున్నాయి. “మీరు అబద్ధం చెప్పారని కాదు. అది లాయర్ల గొడవ. చదవలేదా అని.”

తర్వాత లోపలికి వెళ్ళిపోయారు.

నా సాక్ష్యం అలా తేలిపోయాక కంపెనీ వాదన బలం తగ్గింది. కొన్ని నెలలకు రాజీకి వచ్చారు. తప్పు చేశామని ఒప్పుకోలేదు గాని, పేటెంటు వాడుకోవడానికి కాలేజీ దగ్గర అనుమతి తీసుకున్నారు. నా అబద్ధమే వాళ్ళకు కలిసొచ్చిందని ఆ లాయరమ్మ నవ్విందట. పేపర్లో ఫొటో వేశారు. మధ్యలో కాలేజీ చైర్మన్, చుట్టూ పెద్దలు, ఒక చివర ఆయన, సగం భుజం తెగిపోయి. ఆ తెగిన భుజం చోట నేనుంటే బాగుండుననిపించింది. అప్పుడు కూడా.

యాజమాన్యం నన్ను పిలిచి గట్టిగానే అడిగింది. ప్రమోషన్ ఆగిపోయింది. ఉద్యోగం ఉంది.

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. మాట్లాడటం మానలేదు. సిలబస్ గురించి, పరీక్షల డ్యూటీల గురించి మామూలుగా చెప్పేవారు. ఒక్కటే మారింది. నన్ను “సార్” అనడం మొదలుపెట్టారు. “సార్, ఈ మార్కుల లిస్టు చూడండి.” “సార్, బస్సు వచ్చింది.” పక్కనే అప్పన్న టీ తెస్తే, “పెట్టండి గురువుగారూ” అనేవారు. నిన్నగాక మొన్న చేరిన కుర్ర లెక్చరర్ కూడా గురువుగారే. కొత్త నోటుపుస్తకాలకు సంతకాలు పెట్టే పని అతనికే ఇచ్చారు. అతను ప్రతి శుక్రవారం చదివి, పెన్సిలుతో ప్రశ్నలు రాసి, నమాజునుంచి ఆయన రాగానే వాదించేవాడు. ఇద్దరూ నల్లబల్ల దగ్గర నిలబడి సాయంత్రం బస్సు హారన్ కొట్టేదాకా వాదించుకునేవాళ్ళు. నేను పక్క బల్ల మీద కాగితాలు దిద్దుతూ వినేవాణ్ణి. నాకు వాళ్ళిద్దరిలో ఎవరి మీద ఎక్కువ కడుపు మండేదో చెప్పలేను. ఆ కుర్చీలో నేను మూడేళ్ళు కూర్చున్నాను.

ఖననానికి వెళ్ళాను. గవర్నరుపేట మేస్త్రీలు కొట్లు మూసి వచ్చారు. అప్పన్న ఒక మూల కూర్చుని ఏడుస్తున్నాడు. నేను మట్టి వేసి వెనక్కి వచ్చేశాను.

ఐదు నెలల తర్వాత, భర్త పోయినవాళ్ళు ఇల్లు కదలకుండా ఉండే ఇద్దత్ రోజులు ముగిశాక, ఆయన భార్య ఫోను చేశారు. వన్‌టౌన్‌లో ఒక స్కూల్లో లెక్కలు చెప్తారావిడ. ఆయన చేతిరాత ఇంట్లో ఏమీ లేదని, రాసిందంతా కాలేజీ పుస్తకాల్లోనే ఉందని, వాటి నకళ్ళు దొరుకుతాయేమో చూడమని అడిగారు. ఆవిడ నన్నే ఎందుకు అడిగారో నాకు అర్థం కాలేదు. అడిగాక కాదనలేకపోయాను.

కోర్టునుంచి తిరిగొచ్చిన పుస్తకాలు పేటెంటు సెల్ బీరువాలో ఉన్నాయి. జిరాక్సు తీయించేముందు ఒకరోజు సెలవు పెట్టి, అక్కడే కూర్చుని చదివాను. మొదటి పేజీనుంచి.

మార్జిన్లలో నాకోసం రాసినవి ఉన్నాయి. సన్నటి పెన్సిలు రాత. ‘గురువుగారూ, ఈ కూడిక మళ్ళీ ఒకసారి చూడండి.’ ‘ఇక్కడ నాకు నమ్మకం లేదు, మీరేమంటారు?’ ‘ఇది మీ పీహెచ్‌డీలో మూడో అధ్యాయం చదివాక తట్టింది.’ నా పీహెచ్‌డీని మా గైడు తప్ప ఇంకెవరూ చదివారని నేను అనుకోలేదు. పంతొమ్మిదో పేజీలో ఒక తప్పు ఉంది. చిన్న గుణకారం. చదివిన ఏ మనిషికైనా కనపడుతుంది. ఇరవయ్యారో పేజీలో దాన్ని ఆయనే దిద్దుకున్నారు. పక్కన రాశారు, ‘పంతొమ్మిదిలో తప్పు ఇప్పుడు పట్టుకున్నాను. మీరు చూసి కూడా మొహమాటపడి చెప్పలేదనుకుంటా. నా దగ్గర మొహమాటం వద్దు గురువుగారూ.’

ఆ పేజీ కింద కూడా సంతకం పెట్టి ఉన్నాను.

నకళ్ళు తీసుకుని తారాపేట వెళ్ళాను. ఆవిడ తమ్ముడు తలుపు తీసి కూర్చోబెట్టాడు. ఆవిడ వచ్చి ఎదురుగా కుర్చీలో కూర్చున్నారు. కాగితాలు ఇచ్చి, ఇరవయ్యారో పేజీ చూపించి, మొహమాటం కాదమ్మా అని చెప్పాను. చదవలేదని, చదవకపోవడానికి కారణం ఏమిటో కూడా చెప్పాను. కుళ్ళు అన్న మాటే వాడాను. ఇంత వయసు వచ్చాక ఇంకో మాట వెతుక్కోవడం ఎందుకనిపించింది.

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“తెలుసు అన్నయ్యగారూ. ఆయనకూ తెలుసు. ఆ హోటల్లో సాక్ష్యం అయిన రోజు ఇంటికొచ్చి అన్నం తినలేదు. నేను మిమ్మల్ని తిట్టాను, దాచుకోను. తిట్టనివ్వలేదు.”

“ఏమన్నారమ్మా?”

“ఆ కాలేజీలో నేను చేసింది ఎంతటిదో తెలిసినవాడు అతనొక్కడే అన్నారు. మిగతావాళ్ళు మెచ్చుకుని టీ తాగి వెళ్ళిపోయారు, అతను మాత్రం ఇన్నేళ్ళు కుళ్ళుకున్నాడు, ఊరికే ఎవరైనా అంత కుళ్ళుకుంటారా అన్నారు. చదవకుండానే తెలిసిపోయింది అతనికి, చదివుంటే ఎంత బాగుండేది, ఇద్దరం కలిసి ఇంకెంత చేసేవాళ్ళం అన్నారు.”

నేను అడిగాను, “నన్ను క్షమించారా?”

“ఆ మాట ఎప్పుడూ అనలేదండీ. అన్నారని అబద్ధం చెప్పలేను.”

టీ తాగి వెళ్ళమన్నారు. తాగాను. సిటీ బస్సులో పటమట వచ్చేదాకా ఆవిడ చెప్పిందే తిరగేసుకున్నాను. ఇరవై ఏళ్ళు ఆ మంటను నేను మోశాను. అది ఏమిటో, ఎందుకో, దాన్నుంచి ఏం చేసుకోవచ్చో నాకు ఒక్కనాడూ తట్టలేదు. అది కూడా ముందు ఆయనకే తట్టింది.